ఎడమ చెయ్యి వినపడే పెట్టెలు

సన్యాసిరావుకి ఒక జత మంచి స్పీకర్లు కావాలి. అదొక్కటే అతని కష్టం.

పేరులో ఉన్న వైరాగ్యం మనిషిలో లేదు. పోర్టు ఆఫీసులో ఉద్యోగం, మధురవాడలో అద్దె ఇల్లు, ఆ ఇంటి ముందు గదిలో ఖాళీగా ఒక గోడ. ఆ గోడ దగ్గర రెండు స్పీకర్లు పెట్టుకుని ఎదురుగా చాప వేసుకుని కూచోవాలని అతని తపస్సు. జీవితంలో మొదటి జత. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు తనని కూడా ఇంత పరిశీలనగా చూడలేదని వాళ్లావిడ అంటూ ఉంటుంది.

విశాఖపట్నంలో అతను వెళ్లని స్పీకర్ల షాపు లేదు. వెళ్తాడు, వింటాడు, గంభీరంగా తల ఊపుతాడు, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేస్తాడు. షాపువాళ్లు అతన్ని చూడగానే కుర్చీ వెయ్యడం మానేశారు. ఇంటర్నెట్టులో చదివితే ఇంకా గొడవ. ఒకాయన కమ్మగా ఉన్నాయన్న స్పీకర్లని ఇంకొకాయన చప్పగా ఉన్నాయంటాడు. మనవాళ్లు ఆవకాయ విషయంలో కూడా అంత పోట్లాడుకోరు.

ఇంతా చేసి అతను వినాల్సింది ఒకే ఒక్క పాట.

సన్యాసిరావు తండ్రి పైడిరాజు మృదంగం వాయించేవాడు. కొడుకు పాకే వయసులోనే ఆయన పోయాడు. మిగిలిన రికార్డింగు ఒకటే. అనకాపల్లిలో ఎప్పుడో జరిగిన కచేరీలో ఒక కాంభోజి కీర్తన. ఎవరో ముందు వరసలో కూచుని టేపు రికార్డరులో పట్టుకున్నారు. ఆ క్యాసెట్టు చేతులు మారి మారి, చివరికి ఫోనులోకి ఎక్కి సన్యాసిరావుని చేరింది. ఆ రోజు పాడినావిడ సుభద్రమ్మ గారు. ఇప్పుడు సన్యాసిరావుకి పాట నేర్పుతున్న గురువు కూడా ఆవిడే.

అయితే ఫోనులో వాళ్ల నాన్నకి కుడి చెయ్యి ఒక్కటే ఉంది.

మృదంగం కుడి వైపు టంగుమని పలుకుతుంది. దాన్ని ఫోను ఎలాగో పట్టుకుంటుంది. ఎడమ వైపు తోలు, అంటే తొప్పి, గుమ్మని కింద నుంచి పలుకుతుంది. అంత లోతు ఆ బుల్లి ఫోనుకి అందదు. ఇయర్‌ఫోన్సు పెట్టుకుంటే ఎడమ చెయ్యి వచ్చేది గానీ, దుప్పటి కింద ఎవరో తన్నుకుంటున్నట్టు వచ్చేది. నాన్న రెండు చేతులతో ఎదురుగా కూచుని వాయిస్తుంటే వినాలి. అందుకని స్పీకర్లు.

ఇంతే అయితే ఏదో ఒక జత కొనేసి ఉండేవాడే. మధ్యలో ఒక మాట పడింది.

ఆ మధ్య ఒక సభలో, కచేరీ మధ్య కాఫీ దగ్గర, ఒక పెద్దాయన పక్కాయనతో అంటున్నాడు. "సుభద్రమ్మ గారి అనకాపల్లి కచేరీ విన్నారా మీరు? ఒంటరిగా లాక్కొచ్చిందండీ ఆవిడ. పక్కన మృదంగం ఉందన్న మాటే గానీ, అసలు చెయ్యి పడితేగా. ఎవరో పైడిరాజట."

సన్యాసిరావు పక్కనే ఉన్నాడు. ఆ పైడిరాజు కొడుకుని నేనేనని చెప్పలేదు. కాఫీ పూర్తిగా తాగాడు, కప్పు జాగ్రత్తగా పెట్టాడు, రెండో సగం వినకుండా ఇంటికి వచ్చేశాడు.

ఆ రోజు నుంచి అతనికి మంచి స్పీకర్లు అక్కర్లేదు. వాళ్ల నాన్న చెయ్యి పడే స్పీకర్లు కావాలి.

దొరికాయి కూడా. ద్వారకానగర్‌లో, మేడ మీద, తివాచీ పరిచిన గదిలో. నిలువెత్తువి, నల్లగా నిగనిగలాడుతూ ద్వారపాలకుల్లా ఉన్నాయి. వాటిలో పాట వేస్తే మృదంగం గుండె మీద కొట్టింది. సన్యాసిరావు అక్కడే కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందని షాపాయనకి చెప్పాడు. ఆ గదిలో దుమ్ము ఉండదు.

ఆ ఆదివారం పాఠానికి వెళ్లినప్పుడు పాట తక్కువ, తాళం ఎక్కువ అయింది. మామూలుగానే సన్యాసిరావు తొడ మీద తాళం వేస్తే పక్క ఫ్లాటులో వాళ్లు తలుపు తీసి చూస్తారు. ఆ రోజు ఇంకా గట్టిగా వేశాడు.

సుభద్రమ్మ గారు తంబురా శృతి ఆపేశారు.

"ఏరా సన్యాసీ, ఎవరి మీద కోపం? ఆ తొడ నీదే కదా."

"కోపం కాదండి అమ్మగారూ. స్పీకర్లు కుదిరాయి. సాయంత్రం వెళ్లి తెచ్చేసుకుంటాను."

"ఇన్నాళ్లకి పిల్ల నచ్చిందన్నమాట. దేనితో చూశావు?"

"అనకాపల్లి పాటతోనండి."

ఆవిడ ఆ రికార్డింగు ఇంతవరకూ వినలేదు. ఒకసారి సన్యాసిరావు ఫోనులో వినిపించబోతే, "ఆ దోమని అవతల పెట్టు" అన్నారు. కచేరీ ఎలా జరిగిందని అతనూ అడగలేదు. అడిగితే ఏం చెప్తారోనని భయం.

"అయితే నేనూ వస్తాను" అన్నారు ఆవిడ, చెప్పులు వెతుక్కుంటూ. "నా గొంతు కూడా ఉంది కదా అందులో. బజార్లో ఎలా ఉందో చూసుకోవద్దూ?"

షాపాయన పేరు గంగాధర్. మర్యాదస్తుడు. పెద్దావిడ వచ్చిందని కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, తరవాత స్పీకర్ల సత్తా చూపించడానికి తను ఎప్పుడూ వేసేది వేశాడు. గదికి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక రైలు పోయింది. దాని వెనకాల ఎక్కడో గాజు గ్లాసు పగిలింది.

సుభద్రమ్మ గారు ఆసక్తిగా విన్నారు.

"చాలా బావుంది బాబూ. అయితే మాకు రైలు ఇంటి వెనకే పోతుంది. గ్లాసులంటావా, మా పనిపిల్ల వారానికొకటి పగలగొడుతూనే ఉంటుంది."

గంగాధర్ నవ్వేశాడు. "మీకు కావలసిందే వేద్దామమ్మా."

సన్యాసిరావు ఫోను తీసి ఇచ్చాడు. నిలువెత్తు పెట్టెల్లో కాంభోజి మొదలైంది.

మృదంగం పడగానే గది గుమ్మంది. మంచినీళ్ల గ్లాసులో నీళ్లు వణికాయి. సన్యాసిరావు గురువుగారి మొహం వంకే చూస్తున్నాడు, పరీక్షలో పేపరు ఇచ్చేసిన కుర్రాడిలా.

"విన్నారా అమ్మగారూ? అదీ ఎడమ చెయ్యి."

ఆవిడ ఆ పెట్టెలని కింద నుంచి పైదాకా చూశారు. తరవాత మెల్లిగా అన్నారు.

"తొప్పి నిండుగా పలకాలని కచేరీకి ముందు దానికి తడి రవ్వ పూస్తారు, తెలుసు కదా. పైడిరాజు గారు చిటికెడు పూసేవారు. ఇక్కడెవరో ఉప్మా చేసి పెట్టారు."

గంగాధర్‌కి నవ్వొచ్చింది గానీ సన్యాసిరావు మొహం చూసి మింగేశాడు.

"మా అమ్మ చెప్తుందండి" అన్నాడు సన్యాసిరావు. "నాన్న వాయిస్తే కిటికీ రెక్కలు ఊగేవని."

"ఊగేవి. నేనూ చూశాను." ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకి వంగారు. "అది సరే గానీ, ఇందులో నేనెక్కడున్నానురా?"

సన్యాసిరావు ఒక పెట్టె నుంచి రెండో పెట్టెకి చూశాడు. ఇన్నిసార్లు విన్నాడు గానీ ఆవిడ ఎక్కడున్నారో అతను చూసుకోలేదు.

ఆవిడ గదంతా కలయజూశారు. ఒక మూల, రెండు చెక్క స్టాండుల మీద, పప్పుల డబ్బాలంతేసి స్పీకర్లు రెండు ఉన్నాయి.

"ఆ పొట్టివేమిటి బాబూ?"

"అవి చిన్నవమ్మా. సారు వాటిని మొదటి రోజే వద్దన్నారు."

"నేనూ పొట్టిదాన్నే. ఒకసారి పలకరిద్దాం."

గంగాధర్ వాటిని ముందుకి జరిపి, గోడకి దూరంగా పెట్టి, తీగలు కలిపాడు. పాట మళ్లీ మొదలైంది.

ఈసారి గది గుమ్మనలేదు. ముందు తంబురా వచ్చింది. ఆ తంబురా చుట్టూ అనకాపల్లి హాలు వచ్చింది. ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరుపుకున్నారు. తరవాత ఒక ఆడగొంతు, రెండు పెట్టెల్లో దేన్నుంచీ కాకుండా, వాటి మధ్య ఏమీ లేని చోట నుంచి పాడడం మొదలుపెట్టింది.

సుభద్రమ్మ గారు ఉలిక్కిపడ్డారు. "అక్కడేముంది?"

"ఏం లేదమ్మా" అన్నాడు గంగాధర్. "పాత టేపు కదా, రెండింట్లోనూ ఒకటే శబ్దం. అది సరిసమానంగా వస్తే నడిమధ్య నుంచి వస్తున్నట్టు ఉంటుంది."

ఆవిడ ఆ ఖాళీ చోటునే చూస్తూ ఉండిపోయారు. అక్కడ నలభై ఏళ్ల కిందటి తను కూచుని ఉంది. పక్కనే పైడిరాజు. ఎడమ చెయ్యి ఇప్పుడు గుండె మీద కొట్టడం లేదు. గుండ్రంగా, మెత్తగా, కింద నుంచి పైకి ఒక వంపు తిరిగి వస్తోంది. సన్యాసిరావు కూడా కుర్చీ అంచుకి జరిగాడు. నాన్నకి రెండు చేతులూ ఉన్నాయి.

అనుపల్లవి వచ్చింది. గొంతు పైస్థాయి షడ్జం మీదకి ఎక్కింది. ఎక్కి, అక్కడ చీలింది.

పెద్ద పెట్టెల్లో అది ఎవరికీ వినపడలేదు. ఇక్కడ దాక్కోవడానికి చోటు లేదు. గొంతు సన్నటి పోగైపోయింది, ఇప్పుడో ఇంకో క్షణానికో తెగేటట్టు. సరిగ్గా అప్పుడే మృదంగం కూడా పోయింది. ఉందా లేదా అన్నట్టు వేళ్ల చప్పుడు మాత్రం మిగిలింది.

"ఆపండి" అన్నాడు సన్యాసిరావు. లేచి నిలబడ్డాడు. "ఇవి వద్దండి గంగాధర్ గారూ. అమ్మగారి గొంతు పాడుచేస్తున్నాయి, నాన్న చెయ్యి కూడా పడనివ్వడం లేదు. ఆ పెద్దవే ఇచ్చెయ్యండి."

"కూచోరా" అన్నారు సుభద్రమ్మ గారు. "గొంతుని అవేం చెయ్యలేదు. ఆ రోజు నాకు జ్వరం. గొంతు అలాగే చీలింది. రెండోది చెప్పు. చెయ్యి పడలేదన్న మాట నీది కాదే. ఎవరన్నారు?"

కూచున్నాడు. కాఫీ దగ్గర విన్నది చెప్పాడు. తల ఎత్తకుండా, తివాచీ మీద పువ్వుకి చెప్తున్నట్టు చెప్పాడు.

"నా దగ్గరెవరూ ఆ మాట అనలేదే" అన్నారు ఆవిడ.

"మీ దగ్గరెందుకంటారండి? మీరు బాగా పాడారనే కదా చెప్పుకుంటున్నది." ఆగి, మళ్లీ అన్నాడు. "నాన్నది ఇదొక్కటే ఉందండి. ఇందులో కూడా వాయించకపోతే, ఇంక నా దగ్గర ఆయన ఎక్కడా లేనట్టే."

గంగాధర్ అవసరం లేకపోయినా వెళ్లి ఒక తీగ సర్దాడు.

సుభద్రమ్మ గారు కుర్చీలో వెనక్కి జరిగి, కాళ్లు మడుచుకుని, పాఠం చెప్పేటప్పుడు కూచునేలా కూచున్నారు.

"తాళం వెయ్యి."

"ఇక్కడాండీ?"

"ఇక్కడ కాకపోతే బస్సులో వేస్తావా? ఆదితాళం. అనుపల్లవి పాడతాను."

సన్యాసిరావు తాళం మొదలుపెట్టాడు. అలవాటు ప్రకారం తొడ మీద ఫెళ్లుమని పడింది. మెట్ల మీద పోతున్న మనిషెవరో ఆగి తొంగి చూసి పోయాడు.

ఆవిడ పాడారు. అదే కీర్తన, అదే అనుపల్లవి. డెబ్బై దాటిన గొంతు. మొదటి ఆవర్తనం, తాళం ఒక చుట్టు, నిలబడింది. పై షడ్జానికి వెళ్లేసరికి సన్నబడింది. ఇంకా సన్నబడింది. కావాలని సన్నం చేశారో, వయసు చేసిందో, అడిగే ధైర్యం అక్కడున్న ఇద్దరికీ లేదు. గాలికి ఆరిపోబోయే దీపాన్ని చూస్తున్నట్టు ఇద్దరూ ఆవిడ గొంతునే చూస్తున్నారు. గంగాధర్ మెల్లిగా వెళ్లి ఏసీ కట్టేశాడు. ఆయన్ని కట్టమని ఎవరూ అనలేదు.

షడ్జం మీద ఆవిడ గొంతు వణుకుతూ నిలబడింది. నిలబడి, నిలబడి, జారకుండా కిందకి దిగింది. దిగిన చోట మళ్లీ దానికి ఒళ్లు వచ్చింది. చివరి ఆవర్తనం నిండుగా పాడి ముగించారు.

తాళం చివరి దెబ్బ ఫెళ్లుమని పడింది.

"మధ్యలో నీ తాళం ఏమైందిరా?" అన్నారు ఆవిడ. "నాకు వినపడలేదు."

"వేశానండి. తప్పలేదు" అన్నాడు సన్యాసిరావు గబగబా. "మీరు పైన ఉన్నప్పుడు కూడా వేశాను. వేలి కొసలతో..."

అక్కడ ఆగిపోయాడు.

తొడ మీద ఉన్న తన చేతిని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

తరవాత అతనే అన్నాడు. "గంగాధర్ గారూ, మళ్లీ వెయ్యండి. మొదట్నుంచి."

గంగాధర్ పెద్ద పెట్టెల వైపు చూశాడు.

"వీటిలోనే. వీటినే తీసుకెళ్తాను."

పాట మళ్లీ వచ్చింది. తంబురా, దగ్గు, కుర్చీ, గొంతు. మృదంగం నిండుగా, ధీమాగా నడుస్తోంది. అనుపల్లవిలో గొంతు పైకి వెళ్తుండగా, ఇంకా చీలకముందే, ఎడమ చెయ్యి తగ్గడం మొదలైంది. ఆవిడ కన్నా ముందు ఆ చేతికి తెలిసిపోయింది. గొంతు చీలేసరికి మృదంగం దారి మొత్తం వదిలేసి పక్కకి నిలబడింది. వేలి కొసలు మాత్రం తొప్పి మీద, ఏడుస్తున్న పిల్లని భుజాన వేసుకుని వీపు తడుతున్నట్టు, తడుతూనే ఉన్నాయి. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. గొంతు కిందకి దిగి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు, దాని వెనకాలే, ఒక్కొక్క మెట్టే, ఆ చెయ్యి మళ్లీ పైకి వచ్చింది.

సన్యాసిరావు ఈసారి దుమ్ము పడిందని చెప్పలేదు.

సుభద్రమ్మ గారు అతని వైపు చూడలేదు. "ఆ రోజు నాకు నా గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదురా" అన్నారు, ఆ ఖాళీ చోటు వంకే చూస్తూ. "పోతుందేమో, పోతుందేమో అని అదే భయం. గట్టెక్కాను. ఎలా గట్టెక్కానో ఇన్నేళ్లలో ఆలోచించలేదు."

కీర్తన ముగిసింది. అనకాపల్లి హాలులో చప్పట్లు మొదలయ్యాయి. పాడినవాళ్లు ముందు జనానికి దణ్ణం పెట్టి, ఆ తరవాత పక్కకి తిరిగి తమకి వాయించినవాళ్లకి పెడతారు. అది ఎప్పుడూ ఉండే మర్యాదే. ఎదుట చప్పట్లు ఎక్కువైతే పక్కకి తిరగడం ఒక్కోసారి తొందరలో మరుపున పడుతుంది.

చప్పట్లు సద్దుమణిగే దాకా ఆవిడ ఆగారు. కుర్చీలోంచి మెల్లిగా లేచారు. సన్యాసిరావు పట్టుకోబోతే వద్దన్నారు. రెండు పొట్టి పెట్టెల మధ్య, ఏమీ లేని చోటికి తిరిగి, తల వంచి చేతులు జోడించారు.

"ఆలస్యమైంది, పైడిరాజు గారూ" అన్నారు.